వెనకవైపు హుక్కులు

అత్-బాషీ,
మే నెల

ప్రియమైన సల్కిన్,

ఈ ఉత్తరం కూబాత్ చేతికిస్తున్నాను. వాడి వ్యాను దొలోన్ కనుమ దాటితే బిష్కెక్‌లో నీకందుతుంది. దాటకపోతే ఏ మంచుగుట్ట పక్కనో తోడేళ్లు చదువుకుంటాయి. తపాలా ఆఫీసు లేదా అంటావేమో. ఉంది. తలుపు కూడా ఉంది. తలుపు వెనక మనిషే లేడు. జీతం రాక పెరట్లో బంగాళాదుంపలు నాటుకుంటున్నాడు.

ముందు క్షేమ సమాచారం. ఆవు ఈనింది, కోడెదూడ. మీ బావగారి గుర్రం సాయంత్రమయ్యేసరికి ఇంకా గేటు వైపే చూస్తుంది. నచ్చజెప్పి చూశాను. నాకు నేనే చెప్పుకోలేని దాన్ని, దానికేం చెబుతాను?

ఇక అసలు సంగతి. పెద్దలు కూర్చుని, మీ బావగారి ఏడాది విందు బంగాళాదుంపలు తవ్వాక పెట్టాలని తేల్చారు. గుర్రాన్ని కోస్తారట. "ఆయనదే కోద్దామా?" అన్నవాణ్ని గరిటతో వీధి చివరిదాకా తరిమాను. ఆ రోజే నా నల్లబట్టలు తీసేది. పద్ధతి నీకు తెలియనిది కాదు. గుడారంలో ఆడవాళ్లందరూ చూస్తుండగా నా పుట్టింటివాళ్లు నల్లవి విప్పి, తాము తెచ్చిన తెల్లవి తొడగాలి. నా పుట్టింటి సంగతీ నీకు తెలిసిందే. తమ్ముడు పోయాడు. వాడి కొడుకు సైబీరియాలో ఎక్కడో నూనె బావుల దగ్గరున్నాడు, ఉత్తరం రాస్తే ఉలుకూ పలుకూ లేదు. కాబట్టి నన్ను విప్పే పని పక్కింటి బత్మా మీద పడుతుంది. ఆవిడ నోరు ఎలాంటిదో మళ్లీ రాయక్కర్లేదు.

పైబట్ట విప్పితే లోపలేముంది? అదే నా దిగులు. లోపల ఉన్నది పిండి సంచి. నవ్వకు. మీ బావగారు పోయాక నేనే కుట్టుకున్నాను, ముందువైపు నాడాలు పెట్టి. గుడ్డ గట్టిదే. కానీ ఎంత ఉడకబెట్టినా మిల్లు ముద్ర పోలేదు. "మొదటి రకం" అని ఉంది, సరిగ్గా ఎక్కడ పడకూడదో అక్కడ. బత్మా ఈ మధ్యే కళ్లద్దాలు చేయించుకుంది. కనిపించిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతోంది, మందు సీసాలతో సహా.

దేవుడు మిగతా అన్నిటిలో నా దగ్గర పిసినారితనం చూపించి, ఎద దగ్గర మాత్రం చేతికి ఎముక లేకుండా ఇచ్చాడు. భుజాల మీద పట్టీలు కోసుకుపోయి కాలవలు పడ్డాయి. సోవియట్ రోజుల్లో మన ఊరి కొట్లో బకెట్లకీ మేకులకీ మధ్య ఒకే ఒక్క బాడీ వేలాడుతుండేది, గుర్తుందా? అది నాకు సరిపోక ఇంట్లో పడేస్తే మన అత్తగారు తీసుకెళ్లి పెరుగు వడగట్టింది. "ఎవరు కనిపెట్టారో గానీ, ఆవు పెరుగొక వైపు, గొర్రె పెరుగొక వైపు, రెండూ ఒకేసారి!" అని మెచ్చుకుంది కూడా. ఆ ఏడాది జున్ను అంత బాగా మళ్లీ కుదరలేదు.

మీ బావగారు ఒకసారి పట్నం నుంచి తెచ్చిన మంచి బాడీ ఒకటి పెట్టెలో ఉంది. దాన్నెందుకు వేసుకోవు అని మాత్రం అడక్కు.

నువ్వు ఆ సరుకుల ఇనప డబ్బాలనే కొట్లు చేసుకున్న డబ్బాల బజారులో ఇవే అమ్ముతున్నావటగా. నాకొకటి చూసి పంపు. మోయాలి, కరవకూడదు. అంతకంటే ఏమీ అడగను.

నీ తోటికోడలు,
జూరకాన్

* * *

బిష్కెక్,
జూన్ మొదట్లో

ప్రియమైన అక్కకు,

తోడేళ్లకు అక్షరాలు రానట్టున్నాయి, ఉత్తరం నాకే చేరింది. కింద "తోటికోడలు" అని రాశావు. అది చదివి డబ్బా తలుపు దగ్గరికి వేసుకుని కాసేపు లోపలే కూర్చున్నాను. ఇద్దరు గిరాకీలు తట్టి పోయారు. పోనీ.

అక్కా, మీ మరిది ఇంకో ఇల్లు పెట్టుకున్నాక నేనెవరి కోడల్ని? విందుకి రాలేను. ఆయన కొత్తావిడ కోడలి హోదాలో టీ పోస్తుంటే నేనెక్కడ కూర్చోను? ఆవిడ పోసిన టీ తాగనా, పారబోయనా? దాని గురించి ఇంతటితో వదిలెయ్.

నీ పని మాత్రం చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాకు మాట్లాడే విషయం ఇదొక్కటేగా! మొన్నొక పెద్దాయన వచ్చాడు, నాలుగు వైపులా చూసుకుని, "మా ఆవిడకి" అన్నాడు. "సైజెంత తాతా?" అన్నాను. నెత్తి మీది తెల్ల టోపీ తీసి తిరగేసి చూపించాడు. "ఇది నిండుతుందమ్మా" అన్నాడు. నవ్వు బిగబట్టి టోపీ కొలిచి ఇచ్చాను. మళ్లీ రాలేదు. అంటే సరిపోయినట్టే.

ఇప్పుడు నీకు చెప్పేది జాగ్రత్తగా విను. అందరూ చేసే తప్పే నువ్వూ చేస్తున్నావు, బరువంతా భుజాలకి తగిలిస్తున్నావు. మోయాల్సింది భుజాలు కాదు, ఎద కింద చుట్టూ తిరిగే పట్టీ. జీను గుర్రం మీద నిలిచేది దేనివల్ల? పొట్ట కింద బిగించే పట్టెడ వల్ల. ఇదీ అంతే. ఆ పట్టీ వీపు మీద పైకి పాకకూడదు, నేలకు సమంగా ఉండాలి. గిన్నెలు నిండాలి, పొంగకూడదు. భుజం పట్టీలు వెడల్పుగా ఉండాలి.

రెండు దారాలు కొలిచి పంపు. ఒకటి ఎద కింద, ఊపిరి వదిలి, బిగువుగా. రెండోది ఎత్తైన చోట, వదులుగా. బట్టల మీద కాదు, ఒంటి మీద.

నీ
సల్కిన్

* * *

అత్-బాషీ,
జూన్

ప్రియమైన సల్కిన్,

ఇదిగో దారాలు. తెల్లది కిందది, నల్లది ఎత్తైన చోటుది. ఎండు పెరుగుండల సంచిలో పెట్టాను, వాసనొస్తే ఏమీ అనుకోకు.

దారమంటే రెండు చివరలుంటాయి కదా. పిల్లలు పనుల కోసం దూరాలు పోయారు, రెండో చివర పట్టుకునే మనిషి లేదు. అందుకని ఒక కొస మంచం కోడుకి కట్టి, ఇంకో కొస పట్టుకుని చుట్టూ తిరిగాను, గుంజకి కట్టిన మేకలాగా. ఆ క్షణంలో ఎవరైనా తలుపు తీస్తే బాగుండునని అనిపించింది. సిగ్గుపడేదాన్నే. అయినా తీస్తే బాగుండునని అనిపించింది.

నా ఎదని ఎప్పుడూ తిడతాను గానీ, ఒక్క వేసవిలో మాత్రం తిట్టలేదు. కొండ మీద పచ్చికకి వెళ్లాం చూడు, నీ బెగాయిమ్ పుట్టిన ఏడు. నీకు జ్వరమొచ్చి పాలెండిపోయాయి. నా చిన్నవాడిని ఒక పక్క, నీ పిల్లని ఒక పక్క వేసుకున్నాను. నీ పిల్లే గట్టిది, మా వాణ్ని కాలితో తన్ని రెండో వైపుక్కూడా వచ్చేది. తలాసులో కాపురం ఎలా చేస్తోంది? మొగుణ్ని కూడా అలాగే తంతోందా?

విందుకి రమ్మని నేను అడగను. రాలేవని తెలుసు.

నీ తోటికోడలు (ఈ మాట నువ్వొద్దన్నా నేను మార్చను),
జూరకాన్

* * *

అత్-బాషీ,
జులై

సల్కిన్,

పొట్లం అందింది. అందులో ఉత్తరం లేదు. బాడీ ఉంది గానీ అది నాకు కాదు, బెగాయిమ్ చిన్నప్పటి గుడ్డబొమ్మకి. ఒక గిన్నెలో నా పిడికిలి పట్టింది, అంతే. కూబాత్‌తోనే తిప్పి పంపుతున్నాను. వాడు "ఏముంది పెద్దమ్మా ఇందులో?" అని అడిగితే గుర్రం కళ్లకి కట్టే గంతలన్నాను. నమ్మాడు.

జూరకాన్

* * *

బిష్కెక్,
జులై చివర

ప్రియమైన అక్కా,

డబ్బాలో ఒక్కదాన్నే పగలబడి నవ్వితే, పక్క డబ్బాలో చెప్పులమ్మే ఉయ్‌గూరావిడ భయపడి పరిగెత్తుకొచ్చింది.

కారణం చెప్తాను. నీ దారాలు మళ్లీ తీసి చూశాను. అవి ఊలువి! నువ్వప్పుడే వడికిన పచ్చి ఊలు! కూబాత్ ఆ సంచి మీద గుర్రప్పాల తిత్తి పెట్టాడు. తడిసింది. నేను తెచ్చి పొయ్యి పక్కన ఆరేశాను. ఊలు ఏం చేస్తుంది? ముడుచుకుంది. పుట్టినప్పటి నుంచీ ఊలు తడిపి తొక్కి నమదా తివాచీలు చేసినవాళ్లం మనిద్దరం! కొలవమన్న నాకూ తట్టలేదు, కొలిచిన నీకూ తట్టలేదు. నేను కొన్నది నీ కొలతకి కాదు, గొర్రె కొలతకి.

ఇప్పుడు రెండు పంపుతున్నాను. ఈసారి దారం నమ్ముకోలేదు. నువ్వు బెగాయిమ్‌ను ఎత్తుకుంటే దాని తల ఎక్కడ ఆనేదో, బుగ్గ ఎంత లోపలికి మునిగేదో కళ్లు మూసుకుని తలుచుకుని ఏరాను. కొలత తప్పదని నాకు గట్టి నమ్మకం.

ఇంకో మాట. నా దగ్గరకొచ్చే ఒకావిడ అడిగింది. పుట్టింటివాళ్లు ఎవరూ లేని మనిషికి పాల చుట్టరికం పుట్టింటి కింద చెల్లుతుందా అని. నాకు తెలియదన్నాను. నీకు ఇలాంటివి బాగా తెలుసుగా, రాయి.

నీ
సల్కిన్

* * *

అత్-బాషీ,
ఆగస్టు

ప్రియమైన సల్కిన్,

రెండూ తిప్పి పంపుతున్నాను, కోపం తెచ్చుకోకు. ఒకదాని అంచు అల్లిక గుచ్చుతోంది. రెండోదాని తీగ పక్కలో పొడుస్తోంది, వంగితే కిర్రుమంటోంది కూడా, పాత తలుపులాగా. నీ శ్రమ చాలించు. పిండి సంచితోనే కానిచ్చేస్తాను. బత్మా చదివితే చదవనీ, చదువు మంచిదే కదా.

గడ్డి కోత అయింది. నేను కుప్ప తొక్కితే పొరుగువాళ్లు విసిరారు. మీ బావగారుంటే కుప్ప కొసన నిలబడి నన్ను విసరమనేవారు, విసిరితే తిట్టేవారు. తిట్టేవాళ్లు లేకపోతే పని ఇంత తొందరగా అయిపోతుందని నాకు తెలియదు. అయిపోయాక చెయ్యడానికేమీ ఉండదు.

నాకు చదువు చెప్పినవాళ్లు లేరని నీకు తెలుసు. ఊరి గ్రంథాలయం మూసేసినప్పుడు తడిసిన పుస్తకాలు పారేస్తుంటే ఏరుకొచ్చి చదువుకున్నదాన్ని. వాటిలో చాలావాటికి చివరి పేజీలుండవు. ఇన్నాళ్లూ అదొక లోపమనుకోలేదు, చివర నేనే కల్పించుకునేదాన్ని. ఇప్పుడు సాయంత్రాలు కల్పన కూడా రావడం లేదు.

మన ఇళ్లలో టీ గిన్నెలో కొంచెమే పోస్తాం కదా, మళ్లీ అడగాలని, మాట సాగాలని. నిన్న చూసుకుంటే గిన్నె నిండా పోసుకున్నాను. ఎన్నాళ్ల నుంచి అలా పోసుకుంటున్నానో గుర్తు లేదు.

నువ్వడిగిన సంగతి. పాల చుట్టరికం చెల్లుతుందనే మన అత్తగారు అనేది. ఒక ఎద దగ్గర పెరిగితే ఒక ఇంట్లో పుట్టినట్టే లెక్కట. ఆవిడెవరో అదృష్టవంతురాలు, అడగడానికైనా చుట్టముంది. తెల్ల తలగుడ్డ మరవొద్దని చెప్పు.

నీ తోటికోడలు,
జూరకాన్

* * *

బిష్కెక్,
సెప్టెంబరు

అక్కా,

అంచు అల్లిక గుచ్చిందని రాశావు. నేను పంపిన రెండింటిలో దేనికీ అల్లిక లేదు. తీగ పొడిచిందని రాశావు. తీగ ఉన్నవి నీకు పడవని, లేనివే ఏరి పంపాను. లేని తీగ కిర్రుమని కూడా అన్నదట!

నువ్వు వాటిని వేసుకోనే లేదు.

చేతులు వెనక్కి ఇట్టే వంగే పడుచుపిల్లలు కూడా నా డబ్బాలో అద్దం ముందు నిలబడి, గిన్నెలు, పట్టీలు, రంగు, అన్నిటి గురించీ అడిగి, చివరికి హుక్కుల గురించి అడుగుతారు. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చూశాను. ఒక్కదాంట్లోనూ హుక్కుల మాట లేదు. పిండి సంచికి మాత్రం ముందు నాడాలు పెట్టుకున్నానని రాశావు.

అప్పుడు గుర్తొచ్చింది. అదే వేసవి, అదే కొండ. నేను పొద్దున్నే పాలబిందెతో మీ గుడారం తెర ఎత్తాను. నువ్వు వీపు తిప్పి నిలబడ్డావు, నీ కుడి చెయ్యి అప్పటికే వెనక్కి వంగేది కాదు. బావగారు నీ వెనక నిలబడి, నోట్లో కొరడా కరిచిపట్టుకుని, రెండు చేతులా హుక్కులు పెడుతున్నారు. కొరడా పళ్ల మధ్య నుంచే గొణుగుతున్నారు, "ఊపిరి వదులు. ఉబ్బించకు" అని. పట్టెడ బిగించేటప్పుడు గుర్రంతో అనే మాట. నువ్వు నవ్వుతున్నావు. నేను తెర దించి వెనక్కి వెళ్లిపోయాను. బిందె పట్టుకుని గడ్డిలో చాలాసేపు కూర్చున్నాను. నా మొగుడు నా వీపు ఎలా ఉంటుందో కూడా చూసి ఉండడని అప్పుడే అనిపించింది.

ఇక నేనేమీ పంపను. పిండి సంచి ఉతికి పెట్టుకో.

సల్కిన్

* * *

అత్-బాషీ,
అక్టోబరు

ప్రియమైన చెల్లీ,

నీ పోయినసారి ఉత్తరం చదివి కోపమొచ్చింది. "ఇక నేనేమీ పంపను" అన్న చోట కాగితం మడతపెట్టి పొయ్యి గట్టు మీద పెట్టాను, పొయ్యిలో మాత్రం వెయ్యలేదు. విందు రోజుదాకా అది అక్కడే ఉంది.

నువ్వొచ్చావు, చేశావు, వెళ్లావు. నువ్వే చేసినదాన్ని మళ్లీ నీకే చెప్పడమేమిటంటావేమో. కానీ నువ్వు బయట ఉన్నంతసేపూ లోపలేం జరిగిందో నీకు తెలియదు, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేను పద్ధతి ప్రకారం గుడారం గోడ వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కూర్చుని శోకపాట పాడుతున్నాను. ఆ పాట ఏడాదంతా పాడి పాడి అరిగిపోయింది. మీ బావగారిని డేగ అంటాను, కొండ అంటాను, నా మనసు మాత్రం మాంసం ఉప్పు సరిపోయిందా లేదా అన్న దాని మీదుంటుంది. అప్పుడు దారి మీద ఏడుపు వినిపించింది. ఆడగొంతు. "అయ్యో నా అక్కా, నీ కొండ కూలిందా" అంటూ వస్తోంది. దారి మీది నుంచి అలా ఏడుస్తూ వచ్చేది పుట్టింటివాళ్లే కదా! బత్మా నా డొక్కలో పొడిచి, "నీకెవరున్నారే?" అంది. "నాకెవరున్నారు, ఇల్లు తప్పి వచ్చుంటారు" అన్నాను.

తర్వాత మన వంశంలో పెద్దాయన సాదిర్ తాత గొంతు విన్నాను. "ఆగమ్మా. నువ్వు మా ఇంటి కోడలివి కాదూ? కోడళ్లు పొయ్యి దగ్గర ఉండాలి గానీ, దారి మీద ఏడుస్తూ రావడమేంటి?"

"కోడల్ని కానని మీవాళ్లే తేల్చారు తాతా. ఆ వైపు నుంచి రానివ్వరు, ఈ వైపు నుంచి రాకూడదంటారు. మరి ఎగిరి రానా?"

"అయితే ఎవరి తరఫున వచ్చావు?"

"ఆవిడ తరఫున. ఇదిగో నా బెగాయిమ్, ఈ పిల్ల ఆవిడ పాలు తాగి పెరిగింది. ఒక బిడ్డకి ఇద్దరు తల్లులుంటే వాళ్లు అక్కచెల్లెళ్లు కాక ఏమవుతారు? సవతులా?"

బయట మగవాళ్లు నవ్వారు. మా మరిది నవ్వాడో లేదో నాకు కనిపించలేదు. సాదిర్ తాత చాలాసేపు దగ్గాడు. ఆయనకి దగ్గంటే ఆలోచన. తర్వాత, "ఏం చూస్తున్నార్రా? వాళ్ల మూటలందుకోండి. పుట్టింటివాళ్లొచ్చారు" అన్నాడు.

నేను పాటలో ఎక్కడున్నానో మరిచిపోయాను. డేగ దగ్గరా, కొండ దగ్గరా? "పాడవే, ఆపావేం?" అని బత్మా మళ్లీ పొడిచింది.

మిగతాది నీకు తెలుసు. నువ్వు నల్లది విప్పినప్పుడు బత్మా అద్దాలు సవరించుకుని, బడిపిల్లలా కూడబలుక్కుని "మొ-ద-టి ర-కం" అని చదవడం, నువ్వు తలెత్తకుండానే "చూసి నేర్చుకో వదినా, నీది గోధుమా బార్లీయా అని కూడా ఎవరూ రాయలేదు" అనడం. గుడారం కూలిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వొచ్చో లేదో పద్ధతి ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

తర్వాత నువ్వు తెచ్చిన కొత్త బాడీ, వెనకవైపు హుక్కులది, నాకు తొడిగావు, చల్లటి వేళ్లు వీపు మీద తగిలాయి. ఏడాదిగా నా వీపుని ఎవరూ ముట్టుకోలేదు సల్కిన్. హుక్కులు ఒక్కొక్కటే పడుతుంటే, నా చెవి దగ్గర మెల్లగా, ఇంకెవరికీ వినపడకుండా అన్నావు, "ఊపిరి వదులక్కా. ఉబ్బించకు."

ఏడాదంతా నేను పాడింది పాట. అప్పుడు ఏడ్చింది ఏడుపు. అది నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్లంతా తెల్ల తలగుడ్డ చూసి ఏడ్చాననుకున్నారు.

మీరు వెళ్లాక మూట విప్పి చూశాను. నేను అబద్ధాలాడి తిప్పి పంపిన రెండూ ఉన్నాయి. వెనకవైపు మూసి కుట్టి, ముందు చీల్చి, హుక్కులన్నీ ముందుకి పెట్టావు. కుట్టు చూస్తే తెలుస్తోంది, చాలా రాత్రులు పట్టి ఉంటుంది. రోజూ పొద్దున్నే నాకు నేనే పెట్టుకుంటున్నాను. కింద పట్టీ మోస్తోంది, భుజాల మీద కాలవలు పూడుతున్నాయి. గడ్డిమోపు ఎత్తినా కదలదు. నువ్వన్నట్టే గిన్నెలు నిండాయి, పొంగలేదు. బెగాయిమ్ తల ఆనిన చోటు నీకు బాగానే గుర్తుంది.

ఫిర్యాదు రాయడానికి ఏమీ మిగల్లేదు. అదే చిక్కొచ్చిపడింది. ఫిర్యాదు లేకపోతే ఉత్తరమేం రాయను? ఉత్తరం లేకపోతే నీ జవాబెక్కడిది?

కాబట్టి రాస్తున్నాను. ముందు హుక్కుల్లో పైది ఒకటి ఊడిపోయింది. ఎలా ఊడిందని అడక్కు, కత్తెర ఇంకా నా ఒళ్లోనే ఉంది. నాకు కుట్టడం రాదు. పిండి సంచి కుట్టలేదా అంటావు, అది వేరు. కనుమ మీద మంచు పడకముందే వచ్చి కుట్టిపెట్టి వెళ్లు. టీ గిన్నెలో కొంచెమే పోస్తాను.

నీ అక్క,
జూరకాన్